మూడు పలకల కిటికీ కింద రేడియేటర్

మెల్బోర్న్ శివార్లలోని క్రాన్‌బర్న్‌లో ఆదివారాలు మనవాళ్ళం కలిసినప్పుడు, కొత్తగా పైపు పనిలో చేరినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, "అంకుల్, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన జాబ్ ఏది?" అని. ఏ ఆసుపత్రి బాయిలర్ గురించో, పదంతస్తుల మేడ గురించో చెప్తానని ఎదురుచూస్తారు. నేను బొగ్గులు చూసొస్తానని చెప్పి బార్బెక్యూ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతాను. ఎన్నిసార్లని వెళ్తాను? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాకు యాభై ఎనిమిదేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయి మూడేళ్ళ క్రితం పని మానేశాను. ఆ కష్టమైన జాబ్ ఒక పాత ఇంట్లో కిటికీ కింద కారుతున్న రేడియేటర్‌ని మార్చడం. మూడు రోజుల పని. నేను బిగించిన జాయింట్లలో ఒక్కటి కూడా కారలేదు. ఈ సంగతి ముందే చెప్తున్నాను. ఎందుకంటే చాలాకాలం నేను దీన్నే పట్టుకుని వేలాడాను.

రెండువేల సంవత్సరం రాబోతున్న రోజులవి. కంప్యూటర్లలో ఏడాదిని రెండంకెలతో రాసిపెట్టుకున్నారు కాబట్టి ఆ అర్ధరాత్రి బ్యాంకులూ విమానాలూ ఆగిపోతాయని లోకమంతా భయపడింది. మన ప్రోగ్రామర్లు విమానాల నిండా దిగారు. మా ఇంట్లో ఆ వీసా మా ఆవిడది. ఆమె నా మేనమామ కూతురు, ఎంసీయే చదివింది. నేను పాలిటెక్నిక్ మధ్యలో వదిలేసి, కృష్ణా జిల్లాలో ఒక చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర తొమ్మిదేళ్ళు చేసినవాణ్ణి. వీసా కాగితాల్లో నా పేరు ఆమె పేరు కింద గడిలో ఉండేది.

ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో భోజనాలకి వెళ్తే చేతిలో ప్లేటు పెట్టకముందే అడిగేవారు, "మీరు ఏ ప్లాట్‌ఫామ్ మీదండీ?" అని.

"రేడియేటర్ల మీద" అనేవాణ్ణి. జోకనుకుని నవ్వేవారు. జోకు కాదని తెలిశాక ఇంకొంచెం పప్పు వేసేవారు.

మెల్బోర్న్‌లో పాత పెద్ద ఇళ్ళు కొన్నిటికి వేణ్ణీళ్ళ హీటింగ్ ఉంటుంది. వెనకాల బాయిలర్, చెక్కనేల కింద ఇనప పైపులు, గదికొక రేడియేటర్. అవే నీళ్ళు వేడెక్కుతూ, చల్లారుతూ ఇల్లంతా తిరుగుతుంటాయి. ఆ పని చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. క్లేటన్‌లో యూనివర్సిటీ దగ్గర పాత పుస్తకాల కొట్లో గదులకు వేడి లెక్కగట్టే పుస్తకం ఒకటి దొరికింది. మా ఆవిడని ఇంగ్లీషు అడుగుతూ, గళ్ళ నోటుబుక్కులో లెక్కలు చేసుకుంటూ ఆరు నెలల్లో అది పూర్తి చేశాను. ఆ తర్వాత కిటికీ ఎంత, గోడ ఎంత, కప్పు ఎంత ఎత్తు అని కొలిచి, ఆ గదికి ఎంత వేడి కావాలో చెప్పేసేవాణ్ణి. మా ఓనరు మురిసిపోయాడు. అప్పటిదాకా వాళ్ళు గుమ్మంలో నిలబడి అంచనా వేసేవారు.

ఆ అంచనా వేసే మనిషి పేరు రాయను. అరవై నాలుగేళ్ళ గ్రీకు ఆయన. చిన్నతనంలో ఓడెక్కి వచ్చాడు. కంపెనీలో లైసెన్స్ ఉన్న ప్లంబర్ ఆయనొక్కడే. నాకు లైసెన్స్ లేదు కాబట్టి నేను చేసిన పని ఆయన చేసినట్టే లెక్క. ప్రతి పని చివరా, ఇది నియమాల ప్రకారం జరిగిందని ఆయన సంతకం చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ కార్బన్ కాపీలన్నీ ఇంట్లో షెడ్డులో ఏళ్ళవారీగా కట్టలు కట్టి పెట్టుకున్నాడు. ముప్పై ఒక్కేళ్ళ కట్టలు. "ఒక్కదాని మీద కూడా కంప్లైంట్ లేదు. అక్టోబర్‌లో దిగిపోతాను. ఆఖరి కట్టకి ఎర్ర రిబ్బన్ కడతానంది మా ఆవిడ" అని నాకు కనీసం పదిసార్లు చెప్పాడు.

నన్ను "ప్రొఫెసర్" అనేవాడు. పైపుని రెంచితో కొట్టి, స్క్రూడ్రైవర్ మొన పైపుకీ పిడి చెవికీ ఆనించి వినేవాడు. మంచి పైపు మోగుతుంది, లోపల తుప్పు పట్టింది మూలుగుతుంది అనేవాడు.

"ఎన్ని మిల్లీమీటర్ల తుప్పుకి ఎంత మూలుగు?" అని అడిగేవాణ్ణి.

"నీ కాల్‌క్యులేటర్‌కి చెవులు మొలిచిన రోజు చెప్తాను."

ఇలా రోజూ సాగేది. మధ్యాహ్నం వ్యానులో కూర్చుని ఆయన ఆలివ్‌లు నాకు పెట్టేవాడు, నా గోంగూర పచ్చడి ఆయన బ్రెడ్డుకి రాసుకునేవాడు. ఈ దేశంలో మా ఆవిడ తర్వాత నాకున్నది ఆయనే.

ఆ ఏడు జూలైలో, చలి బాగా ఉన్న వారంలో, కర్నూలు నుంచి వచ్చిన ఒక ముస్లిం కుటుంబం ఇంటికి పిలుపొచ్చింది. ఆయన ఒక బ్యాంకులో ఈ రెండంకెల పని చూసే టీముకి లీడు. నాలుగు నెలల క్రితం పాత ఇటుకల ఇల్లు కొనుక్కున్నారు. ముందుగదికి బయటికి పొడుచుకొచ్చిన పెద్ద కిటికీ. ఎదురుగా ఒక పలక, అటూ ఇటూ ఏటవాలుగా చెరొక పలక. దాని కింద నల్లటి పోత ఇనుము రేడియేటర్. ఆ రేడియేటర్ కింద ఎనామిల్ గిన్నె. గిన్నెలో చుక్క, చుక్క.

ఆ కిటికీ దగ్గర కుర్చీలో వాళ్ళమ్మగారు శాలువా కప్పుకుని కూర్చున్నారు. ఆవిడకి ఆయాసం. ఎండ వచ్చేది ఆ ఒక్క చోటే, కాలు కదిపితే గిన్నె తగులుతుంది.

"తెలుగాయనవా నాయనా! ఈ ఇనప గొడ్డుకి జలుబు చేసినాదే, ఎన్ని దినాలు పడ్తాది తగ్గడానికి?" అన్నారు.

"మూడు రోజులు ఆంటీ" అన్నాను.

కొడుకు కాఫీ తెచ్చిచ్చాడు. "బ్రదర్, మేం వచ్చినప్పట్నించీ కారుతానే ఉంది. నాలుగు నెల్లు. రోజూ గిన్నె పారబోసి, బాయిలర్ కాడ కొళాయి తిప్పి నీళ్ళు నింపుకుంటున్నాం. శనివారం పొద్దున అందరం సిడ్నీ కాడ పారమట్టా పోవాల, మా చెల్లెలింట్లో పెళ్ళి. శుక్రవారానికి అయిపోతే అమ్మ ఒక పూటన్నా వెచ్చగా ఉంటుంది" అన్నాడు.

నేను గడియారం పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టాను. నిమిషానికి నలభై. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. రోజుకి రెండు లీటర్ల ఎనిమిది వందల ఎనభై. నూట ఇరవై రోజులకి మూడు వందల నలభై ఐదు లీటర్ల ఆరు వందలు. నోటుబుక్కులో రాసి చూపించాను. ఆయన నా భుజం తట్టి, "అమ్మా, చూడు, చుక్కల్ని కూడా వదల్లేదు" అన్నాడు. మనవాళ్ళలో ఒకాయన నా పనిని పనిగా చూడటం అదే మొదటిసారి. నాకెంత బాగుందో ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది.

ఎందుకు లెక్కగట్టానంటే, కొత్త నీళ్ళు లోపలికి వచ్చినకొద్దీ పైపులు లోపల్నించి తుప్పు పడతాయి. పాత నీళ్ళే తిరుగుతుంటే పట్టవు. ఆ ఇంటి పైపుల్లోనూ రేడియేటర్లలోనూ కలిపి నూట అరవై లీటర్లు పడతాయి. అంటే నాలుగు నెలల్లో నీళ్ళు రెండు సార్లు మారినట్టు. అంత మాత్రానికి పైపులకేమీ కాదని పుస్తకం చెప్పింది, నేను ఒప్పుకున్నాను.

బుధవారం పాత రేడియేటర్ విప్పాం. నూట పది కిలోలు. మా గ్రీకు ముసలాయన దాన్ని వదిలేసి గిన్నె ఎత్తి చూశాడు. అంచు లోపల తుప్పు గట్టిపడి పెచ్చుకట్టింది, వలయం మీద వలయం. బొటనవేలి గోరుతో గీరాడు. ఊడలేదు.

"ఇది నాలుగు నెలలది కాదు, ప్రొఫెసర్."

"పాత పైపులు, తుప్పెక్కువ" అన్నాను.

కిటికీలో కుర్చీ కోల్పోయి హాల్లో కూర్చున్న ఆంటీ అడిగారు, "ఏమంటాండాడు ఆయప్ప?"

"గిన్నె పాతదంటున్నాడు."

"పాతదే నాయనా. అది మాది కాదులే. ఇంటితోబాటు వచ్చిన గిన్నె."

నేను విన్నాను. విని, టేపు తీసుకుని కిటికీ కోణాలు కొలవడానికి పోయాను. ప్రతిదీ లెక్కపెట్టే నేను ఆ గిన్నెలో వలయాలు లెక్కపెట్టలేదు.

నా లెక్క ఏమిటంటే, ఆ ఒక్క బరువు రేడియేటర్ బదులు మూడు పలకలకీ మూడు పల్చటి రేడియేటర్లు. కిటికీ అద్దం నుంచి దిగే చలిగాలిని ఎక్కడికక్కడ ఆపేస్తాయి. చాలా చక్కటి ఏర్పాటు. ఏటవాలు మూలల్లో పైపులు వంచడానికి ముసలాయన గురువారమంతా నా పక్కన మోకాళ్ళ మీదే ఉన్నాడు. అంత వయసులో అంత శుభ్రంగా పైపు వంచిన మనిషిని తర్వాత నేను చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన హాల్లో ఒక చెక్క ఎత్తి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఇక్కడ మోగడం లేదు. ఇన్నాళ్ళూ కారుతున్నందువల్ల లోపల పీడనం అర బార్ దాటలేదు. ఇప్పుడు నువ్వు ఒకటిన్నరకి తెస్తావు. మూడు రెట్లు. బాయిలర్ ఆపి, చెక్కలు తీసి, చేతిపంపుతో ఒత్తిడి పెట్టి రెండు రోజులు చూద్దాం. పగిలేదుంటే మన కళ్ళ ముందు చల్లగా పగులుతుంది."

రెండు రోజులంటే ఆదివారం. ఫోన్లో మా ఓనరు, "సోమవారం వేరే ఇల్లుంది, తేల్చండి" అన్నాడు. హాల్లో ఆంటీ దగ్గుతున్నారు. నేను నోటుబుక్కు తెరిచి, నాలుగు నెలలు, మూడు వందల నలభై ఐదు లీటర్లు, ఇంత తుప్పు, పైపు మందం ఇంత, మిగిలేది ఇంత అని వరసగా చూపించాను. ఒకటిన్నర బార్ కాదు, ఆరు బార్లైనా తట్టుకుంటుందని తేలింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను.

"నువ్వు చెప్తే సరే" అన్నాడు.

వ్యాను బానెట్ మీద పెట్టి సర్టిఫికెట్ సంతకం చేశాడు. నోటుబుక్కులో ఆ రెండు పేజీలు చింపి నేను జేబులో పెట్టుకున్నాను. ఇంకొకటి కూడా చేశాను. ఇకమీదట ఎవరూ కొళాయి తిప్పే పని లేకుండా, పీడనం తగ్గితే దానంతటదే నీళ్ళు నింపుకునే వాల్వు బిగించాను. ఎవరూ అడగలేదు. మంచి చేద్దామని.

సాయంత్రం ఆంటీ కుర్చీ కిటికీలోకి వచ్చింది. మూడు పక్కలా వెచ్చదనం. శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "కొలిమి ఒళ్ళో కూసున్నట్టుంది నాయనా" అన్నారు.

ఆదివారం పొద్దున పదింటికి ఓనరు ఫోన్. బాయిలర్ మీద మా కంపెనీ స్టిక్కరు చూసి ఆ ఇంటి పక్కావిడ ఫోన్ చేసిందట.

నేను వెళ్ళేసరికి గోడ అడుగున గాలి కోసం వదిలిన కంతల్లోంచి నీళ్ళు వాకిలి దాటి రోడ్డు మీదికి వస్తున్నాయి, సన్నగా ఆవిరితో. ముసలాయన నాకంటే ముందే చేరాడు. చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, కోటు, టై. వీధి మీటర్ దగ్గర నీళ్ళు ఆపేశాడు. మోకాళ్ళ దాకా తడిసిపోయి మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన చెక్క ఎత్తి విన్న చోటికి రెండడుగుల దూరంలో పైపు పగిలింది. పగిలి నీళ్ళు పోతుంటే, నేను బిగించిన వాల్వు ఎప్పటికప్పుడు నింపుతూ వచ్చింది. అది లేకపోతే నూట అరవై లీటర్లు పోయి ఆగేది. అది ఉంది కాబట్టి ఇరవై నాలుగు గంటలు ఆగలేదు.

చెక్కనేల పడవ అడుగులా ఉబ్బింది. గోడలకి అడుగున్నర ఎత్తు చెమ్మ. మూడు పలకల కిటికీ కింద మూడు రేడియేటర్లు, ఒక్క చుక్క కారకుండా, తెల్లగా మెరుస్తూ.

పక్కావిడ గేటు దగ్గర నిలబడి చెప్పుకుపోతోంది, "పాపం, ఆ గిన్నెడు నీళ్ళు రోజూ పొద్దున్నే గులాబీలకి పోసేదండీ ముందున్నావిడ. మొగుడు బతికున్నప్పట్నించీ. పన్నెండు చలికాలాలు."

ఇంటికొచ్చి పన్నెండుతో మళ్ళీ వేశాను. చలికాలానికి నూట యాభై రోజులు. ఐదు వేల నూట ఎనభై నాలుగు లీటర్లు. మా ఆవిడ వెనకాల నిలబడి చూసింది.

"గుణకారాలన్నీ కరెక్టే కదా" అన్నాను.

"మా దగ్గరా అంతే బావా. ప్రోగ్రాంలో లెక్కంతా కరెక్టే ఉంటుంది. మొదట్లో ఒకటి అనుకుని ఉంటారు చూడు, అది ఎవరూ అడగరు" అంది. నోటుబుక్కు మీద వేలు పెట్టి, "వాళ్ళు వచ్చి నాలుగు నెలలైంది. కారడం మొదలై ఎన్నాళ్ళైందని అడిగావా?" అంది.

అడగలేదు.

గురువారం ఇన్సూరెన్స్ తరఫున ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పగిలిన ముక్క కోసి చేతిలో పెట్టాడు. సగం చుట్టూ తుప్పు తినేసి, పైపు గోడ అట్టముక్కంత పల్చగా మిగిలింది. మేం నలుగురం ఉన్నాం. ఆయన, మా ఓనరు, ముసలాయన, నేను.

"కొత్త పీడనానికి ముందు పాత పైపులకి టెస్ట్ చేశారా?"

"లేదు" అన్నాడు ముసలాయన.

"ఎందుకు?"

ముసలాయన నా వైపు చూశాడు. తప్పు మోపే చూపు కాదు. నేనేమైనా చెప్తానేమోనని చూశాడంతే. ఆ రెండు పేజీలు నా చొక్కా జేబులోనే ఉన్నాయి. నా లైసెన్స్ దరఖాస్తు అప్పటికి లైసెన్సుల ఆఫీసులో ఉంది. లైసెన్స్ లేనివాడి మాట విని సంతకం పెట్టాడని తెలిస్తే ఆయనకే ఇంకా ప్రమాదం అని ఆ క్షణంలో అనుకున్నాను. అది నిజమే. కానీ నోరు మూసుకున్నది దానికోసమేనా అని అప్పుడూ నాకు తెలియదు, ఇప్పుడూ తెలియదు. మా ఓనరు నేల వైపు చూస్తున్నాడు.

"అక్కర్లేదని నేనే అనుకున్నాను" అన్నాడు ముసలాయన.

ఇన్‌స్పెక్టర్ రాసుకున్నాడు.

ఆ ఇంటివాళ్ళు క్లేటన్‌లో అద్దె ఫ్లాటుకి మారారు. వాళ్ళు మారే రోజు నా పనిముట్లు తెచ్చుకోవడానికి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు ఆంటీ సామాను మధ్య కూర్చుని ఉన్నారు. కొడుకు నాతో మాట్లాడలేదు, ఆవిడ మాట్లాడారు. "ఏడవాకు నాయనా. ఒక పూట వెచ్చగా కూసున్నా గదా" అన్నారు. ఏడుస్తున్నానని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియలేదు.

రెండు వారాల తర్వాత ఆ రెండు పేజీలు తీసుకుని ముసలాయన ఇంటికి వెళ్ళాను. లైసెన్సుల ఆఫీసు నుంచి ఆయనకి విచారణకి రమ్మని ఉత్తరం వచ్చింది. షెడ్డులో ఉన్నాడు. వెనక అరల్లో కట్టలు. కాగితాలు ఆయన ముందు పెట్టి, "ఇవి వాళ్ళకివ్వండి. లెక్క నాదని చెప్పండి" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. పెన్సిల్ తీసుకుని ఒక్కో వరసా సరిచూశాడు. అంత కష్టపడి ఆయన లెక్క చేయడం నేనెప్పుడూ చూడలేదు.

"తప్పేం లేదు" అని మడిచి తిరిగి ఇచ్చేశాడు. "ఇస్తే ఏమవుతుంది? లైసెన్స్ లేనివాడి మాట మీద సంతకం పెట్టానంటారు. నాకది ఇంకా అధ్వానం."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఇప్పుడా? ఏం లేదు. ఆ రోజు అక్కడ ఒక మాట అనాల్సింది. వాళ్ళ కోసం కాదు. నేను వినడానికి."

ఆయన భార్య కాఫీ తెచ్చింది. ముగ్గురం తాగాం. గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్ళాను, ఇవ్వాలనిపించక సంచిలోనే ఉంచి తెచ్చేసుకున్నాను.

విచారణకి ముందే ఆయన లైసెన్స్ వెనక్కి ఇచ్చేశాడు. ఆగస్టులో. కంపెనీలో కేకు కోయలేదు. వ్యానులో ఆయన సీట్లో నా టూల్‌బాక్స్ పెట్టుకునేవాణ్ణి. మళ్ళీ వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. రెండేళ్ళకి ఆయన పోయిన సంగతి, పోయిన నెల రోజులకి, విడిభాగాలు అమ్మే కొట్లో ఎవరో అంటే తెలిసింది. ఆఖరి కట్టకి ఏ రంగు రిబ్బన్ కట్టారో అడగడానికి ఎవరూ లేరు.

ఆ డిసెంబర్ ఆఖరి రాత్రి ప్రపంచం ఆగిపోలేదు. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి పద్నాలుగు గంటలు నిద్రపోయింది. అంతా ఉత్త భయం అని మనవాళ్ళు నవ్వుకున్నారు. ఏడాదంతా కూర్చుని టెస్టులు చేశారు కాబట్టి ఏమీ కాలేదని ఆమె ఎవరితోనూ వాదించలేదు. మేం రెండు రోజులు ఇవ్వలేకపోయాం.

మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఎక్కడైనా కారుతుంటే, ఎన్నాళ్ళ నుంచి అని అడగండి. ఇంటివాళ్ళు చెప్పిన అంకె రాసుకుని, వాళ్ళ ముందున్నవాళ్ళని కూడా అడగండి. గిన్నె చూడండి. నేను తర్వాత ప్రతి ఇంట్లోనూ అడిగాను. దానివల్ల ఆ షెడ్డులో ఏ కట్టా బాగుపడలేదు.

ఇంకొక్కటుంది. మూడేళ్ళకి నాకు లైసెన్స్ వచ్చింది. ఇచ్చే ముందు ఒక ఫారం నింపమన్నారు. మీరు చేసిన ఏ పని మీదనైనా ఫిర్యాదు వచ్చిందా అని ఒక ప్రశ్న, పక్కన రెండు గళ్ళు. ఆఫీసులో కిటికీ అవతల అమ్మాయి పెన్ను ఇచ్చి, తొందర లేదంది. నేను సర్టిఫికెట్ గుర్తు చేసుకున్నాను, ఇన్‌స్పెక్టర్ రిపోర్టు గుర్తు చేసుకున్నాను, ఇన్సూరెన్స్ వాళ్ళకి ఓనరు రాసిన జవాబు గుర్తు చేసుకున్నాను. వరసగా, ఒక్కో కాగితం.

'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టాను. అబద్ధం కాదు. ఆ ఇంటి ఫైల్లో ఎక్కడా నా పేరు లేదు.